పాదం లేచే చోటు

మా తమ్ముడు కోల్మన్ పోయింది మంగళవారం. పొద్దున్నే దూడలకు గడ్డి వేయడానికి వెళ్లి కొట్టం గుమ్మంలో పడిపోయాడు. నేను అప్పటికే బడిలో పాఠం చెబుతున్నాను. కబురు తెచ్చిన పొరుగాయన టోపీ తీసి చేతుల్లో నలుపుతూ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఏదో జరిగిందని పిల్లలకు తెలిసిపోయింది. నాకే ఆలస్యంగా అర్థమైంది.

అంతకు ముందు సాయంత్రం మా వంటింట్లో వాడితో వాదన పెట్టుకున్నాను. వాడు కట్టిన పాట గురించి. మా అమ్మ పుట్టింటివాళ్ల పాత రీల్ ఒకటి, నాట్యానికి వాయించే బాణీ, తీసుకుని, దాని కింద చెల్లో అనే పెద్ద ఫిడేలు, పక్కన జాజ్ పియానో చేర్చి, పొడుగాటి పాటగా అల్లాడు. రీల్‌ను తన కొయ్య ఫ్లూటు మీద నడిపించేవాడు.

"అంతా బాగుంది కానీ, ఇది ఎక్కడ ముగుస్తుందిరా?" అన్నాను.

"ముగిసే చోట ముగుస్తుంది."

"అదీ ఒక జవాబేనా?"

"నేను పాదం ఎత్తుతాగా అక్కా. అప్పుడు చూద్దాంలే." రొట్టెకు వెన్న రాసుకుంటూ అన్నాడు.

మా క్లేర్ జిల్లా పబ్బుల్లో కూర్చుని వాయించేవాళ్లకు ఇది కొత్త కాదు. రీల్‌కు చివరంటూ ఉండదు. తిరిగి తిరిగి మొదటికే వస్తుంది. పాట ఎత్తుకున్నవాడు తాళం కొడుతున్న పాదాన్ని కాస్త పైకి లేపి చూపిస్తాడు. మిగతావాళ్లు ఆ చుట్టు పూర్తిచేసి ఆగిపోతారు. అంతే.

వాడు పోయిన పై వారం శనివారానికి, ఎన్నిస్ పట్నంలో ఈ పాట కచేరీకి హాలు ముందే కుదిరింది. గోడల మీద అంటించిన కాగితాల్లో వాడి పేరు అలాగే ఉంది. అంత్యక్రియలయ్యాక నేను టీ కప్పులు కడుగుతుంటే ముగ్గురు వచ్చి నా వెనక నిలబడ్డారు. ఒకరు థేడీ గార్వన్, కోల్మన్‌కు చిన్నప్పుడు రీళ్లు నేర్పిన ఫిడేలు ముసలాయన. రెండోవాడు లోర్కన్, లిమరిక్‌లో జాజ్ పియానో వాయించే కుర్రాడు. మూడో మనిషి ఫినోలా, కార్క్ నగరం ఆర్కెస్ట్రాలో చెల్లో వాయిస్తుంది.

"కచేరీ మానొద్దు ఊనా టీచరమ్మా," అన్నాడు థేడీ. "వాడి ఫ్లూటు వరసలు నీ కన్సర్టీనా మీద నువ్వు వాయించు. అవి నీకు తప్ప ఇంకెవరికీ రావు."

సరేనన్నాను. రెండు చేతుల మధ్య తిత్తి సాగదీసి వాయించే ఆ చిన్న పెట్టె ఇంట్లోనే ఉంది. రోజూ వంటింట్లో విన్నదే కనుక పాట నాకు వచ్చు. చివర తప్ప.

బడి వదిలాక, పియానో ఉన్న మా తరగతి గదిలోనే సాధన పెట్టుకున్నాం. పిల్లల కుర్చీలో థేడీ మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"ఇందులో కూర్చుంటే మళ్లీ ఎక్కాలు అడుగుతారేమోనని దడగా ఉంది," అన్నాడు.

"ఏదీ, ఏడో ఎక్కం అప్పజెప్పు తాతా," అన్నాడు లోర్కన్.

"ముందు నువ్వు రీల్‌ని రీల్‌లా వాయించడం నేర్చుకో. తిన్నగా పోక అన్ని పక్కదారులెందుకురా నీకు?"

"పూలు పక్కదారుల్లోనే ఉంటాయి."

"పేడ కూడా."

మొదటి భాగం ఏ రోజూ చెడలేదు. ఫినోలా కింది తీగ మీద ఒకే స్వరం లాగుతుంది. నేను రీల్‌ను నడక వేగంలో ఎత్తుకుంటాను. థేడీ వచ్చి కలుస్తాడు. లోర్కన్ కింద స్వరాలు మార్చేకొద్దీ, చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి ఎవరి పెళ్లిలోనో ఎదురైనట్టు ఉంటుంది. కోల్మన్‌కు కావలసింది అదే. తర్వాత వేగం పెరుగుతుంది. చివరికి వచ్చేసరికి అంతా పాడవుతుంది.

"ఎన్ని చుట్లు తిరగాలో ఒక అంకె చెప్పండి, రాసుకుంటాను," అంది ఫినోలా.

"అంకె ఉండదమ్మా," అన్నాడు థేడీ.

"అంకె లేకపోతే కమాను ఎక్కడ ఆపను థేడీ గారూ?"

"ఊనా పాదం చూడు."

"కాగితం చూడనా, పాదం చూడనా?"

"నేనైతే గోడవైపు తిరిగి ఉన్నాను. నాకు ఏ పాదమూ కనబడదు," అన్నాడు లోర్కన్.

"అయితే పియానో ఇటు తిప్పు," అన్నాను. పిల్లలతో మాట్లాడే గొంతు వచ్చేసింది. అతను లేచి తిప్పాడు.

మళ్లీ మొదలుపెట్టాం. నేను పాదం ఎత్తేసరికి లోర్కన్ తన పక్కదారుల్లో ఎక్కడో ఉన్నాడు. మేం ఆగాం, అతను ఆగలేదు. ఇంకోసారి తొందరపడి ఎత్తాను. ఫినోలా అప్పుడే పై స్వరానికి ఎక్కింది, అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాతసారి ఎత్తాలా వద్దా అనుకుంటూ ఉండగానే చోటు దాటిపోయింది. గానుగెద్దుల్లా తిరిగి తిరిగి, వేళ్లు లాగుతున్నాయని థేడీయే ఆపేశాడు.

"కోల్మన్ ఎలా చేసేవాడో ఎవరైనా సరిగ్గా చెప్పండి," అన్నాను.

"ఆపే ముందు కళ్లు మూసుకునేవాడు," అంది ఫినోలా.

"నా దగ్గర సరుకు అయిపోగానే కనిపెట్టేసేవాడు. నాకంటే ముందే తెలిసేది ఆయనకి," అన్నాడు లోర్కన్.

"నేను వాడి వైపు చూసిందే లేదు. తెలిసిపోయేది," అన్నాడు థేడీ.

ముగ్గురూ చెప్పారు. ఒక్కటీ నాకు పనికిరాలేదు. కోపం వచ్చింది, వాళ్ల మీద కాదు. కోల్మన్ ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా. వెన్న రాసుకునేంత సేపు పట్టేది కాదు.

"ఒకటి చెప్పనా?" అన్నాడు థేడీ. ఈసారి టీచరమ్మా అనలేదు. "నువ్వు మమ్మల్ని వినడం లేదమ్మాయ్. ఇక్కడ లేనివాణ్ణి వింటున్నావు."

"ఇంకోసారి వాయిద్దాం," అన్నాను.

ఎవరూ వాయిద్యం ఎత్తలేదు. ఫినోలా లేచి సుద్దముక్క తీసుకుంది. నల్లబల్ల మీద గీతలు గీసి ముగింపు రాసింది. నాలుగు చుట్లు, తగ్గుతూ వచ్చే ఒక వరస, ఆఖర్న అందరం కలిసి ఒక పెద్ద స్వరం. చక్కని పని. దాన్ని చూసి వాయించాం. అందరం ఒకేసారి ఆగాం.

లోర్కన్ పియానో మూత వేశాడు.

"తప్పేం లేదు," అన్నాడు లోర్కన్. "అదే బాలేదు."

"పొట్లం కట్టి తాడు బిగించినట్టుంది," అంటూ థేడీ ఫిడేలును పెట్టెలో పెట్టాడు.

"మరి శనివారం ఏం చేద్దాం? జనం తెల్లారేదాకా కూర్చుంటారా?" చెల్లోను గోడకు ఆనిస్తూ అడిగింది ఫినోలా. వాడు పోయాడని తెలిసిన రోజున కార్క్ నుంచి వానలో కారు నడుపుకుంటూ వచ్చిన మనిషి ఆమె. ఆమె తప్పేమీ లేదు.

ముగ్గురూ నా వైపు చూశారు. అప్పుడు చూద్దాంలే అనబోయి ఊరుకున్నాను.

వాళ్లు వెళ్లాక కుర్చీలు వరసగా సర్దాను. కన్సర్టీనా తీసి రీల్‌ను ఒక్కదాన్నే ఎత్తుకున్నాను. పాదం నేలకు తాళం కొడుతూనే ఉంది. మొదటికి వచ్చింది, మళ్లీ వచ్చింది. బడి ఊడ్చే ఆమె వచ్చి, చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఆమె కోసం మధ్యలోనే ఆపేశాను. పొద్దున పిల్లలకు నల్లబల్ల కావాలి కనుక ఫినోలా రాసింది తుడిచేశాను.

శనివారం ఎన్నిస్‌లో కచేరీ. పాటకు చివర ఇంకా కుదరలేదు.