పదహారు తర్వాత ముప్పై మూడు

మా వీధి గ్రంథాలయంలో ప్రతి శనివారం నాలుగింటికి నేనొక కొత్త పుస్తకాన్ని పరిచయం చేస్తాను. పేరున్న రచయితల జోలికి పోను. వాళ్లకు నా అవసరం లేదు. సొంతంగా అచ్చేయించుకుని, ఎవరికి చూపించాలో తెలియక మంచం కింద దాచుకున్నవాళ్ల పుస్తకాలే తెస్తాను. దయ్యాలు, హత్యలు, వేరే గ్రహాల మీద కాపురాలు, ఏదైనా సరే. మొదటి అధ్యాయం పైకి చదువుతాను. గోడ గడియారం అయిదు కొట్టగానే, వాక్యం మధ్యలో ఉన్నా ఆపేస్తాను. మిగతాది కావలసినవాళ్లు కాగితం మీద పేరు రాసి, వరసలో పుస్తకం తీసుకెళ్లాలి.

ఆ శనివారం గ్రంథాలయం అధ్యక్షుడు, రిటైరైన లెక్కల మాస్టారు, పొద్దున్నే తేల్చి చెప్పేశారు.

"ఇవాళ పది పేర్లు రావాలమ్మా. తొమ్మిదొస్తే వచ్చే వారం నుంచి ఈ గంట నా లెక్కల క్లాసుది. పోయినసారి నాలుగొచ్చాయి. అందులో ఒకటి మీ తోటికోడలిది."

"మా తోటికోడలు మనిషి కాదా మాస్టారూ?"

"కాదనలేదు. ఈ సొంత అచ్చు పుస్తకాలకి పేజీలు కూడా తిన్నగా ఉండవంటున్నా, అంతే."

ఆనాటి పుస్తకం రాసింది ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయి. పగలంతా జనానికి సూదులు గుచ్చి, అది చాలనట్టు తీరికవేళ కథలతో భయపెడుతుంది. తనెవరో చెప్పొద్దని నన్ను బతిమాలుకుని, చివరి వరసలో గోడకు అతుక్కుని కూర్చుంది. ఇచ్చింది రెండే కాపీలు. ఒకటి నా చేతిలో, రెండోది మాస్టారి చేతిలో. నేను చదువుతుంటే ఆయన పేజీ మీద వేలు పెట్టి వెంబడిస్తారు, జవాబు పత్రం దిద్దుతున్నట్టు.

"అక్షరం వదలకుండా చదివాను," అని మొదలుపెట్టాను. అది పూర్తిగా నిజం కాదు. ఆ నవల నాకు ముందు ఫోన్‌లో వచ్చింది. పొయ్యి పక్కన ఆనించుకుని చదువుతుంటే ఒకచోట పాలు పొంగాయి. పొయ్యి తుడిచి వచ్చేసరికి వేలు తగిలి కథ ముందుకు జరిగిపోయింది. వెనక్కి వెళ్లలేదు.

కథలో ఒకావిడ లిఫ్టులు బాగుచేస్తుంది. పై గదిలో స్విచ్ కట్టేసి, ఆ గది తాళంచెవి జేబులో వేసుకుని, అడుగున గోతిలోకి దిగుతుంది. పదిహేనో పేజీకి హాల్లో దగ్గులు ఆగిపోయాయి. పదహారుకి మా తోటికోడలు నోట్లో వక్కపలుకు నమలడం మానేసింది.

"తాళంచెవి జేబులోనే ఉంది. అయినా తాడు కదిలింది. తలెత్తి చూసేసరికి పై నుంచి..." అని చదివి పేజీ తిప్పాను.

"...టీ చల్లారిపోయింది కదే, అంది చెల్లెలు."

ఇది మాత్రం నా నోట్లోనే ఉండిపోయింది. పేజీ అడుగున చూశాను. ముప్పై మూడు. బైండింగులో పదహారు పేజీల కట్ట జారిపోయింది. సరిగ్గా పాలు పొంగిన చోటే.

మాస్టారి కాపీ అడగవచ్చు. అడిగితే పొద్దుటి మాట నిజమైనట్టే. గడియారం నాలుగూ నలభై అయిదు. పదిహేడు మంది నా నోటికేసి చూస్తున్నారు.

పుస్తకంలోకే చూస్తూ కల్పించడం మొదలుపెట్టాను. ఇంటికొచ్చే చుట్టాలను సాగనంపడానికి ఎన్ని కల్పించలేదు. లిఫ్టు కిందికి దిగుతోందన్నాను. ఆవిడ కేకలు వేసిందన్నాను. ఇంతలో కాపలామనిషి పరుగున వచ్చి తలుపు తెరిచి చెయ్యందించాడన్నాను. మాస్టారి వేలు పేజీ మీద ఆగిపోయింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి జరిగాయి.

"ఆ కాపలామనిషి నా పుస్తకంలో లేడమ్మా."

చివరి వరసలో ల్యాబ్ అమ్మాయి ఒళ్లో సంచీని గట్టిగా పట్టుకుంది.

"నా దాంట్లో పేజీలు లేవు మాస్టారూ," అన్నాను. "సొంత తెలివి వాడాను."

"చూడండి, నేను చెప్పలేదూ?" అని ఆయన అందరివైపూ తిరిగారు. ఇద్దరు లేచి చెప్పులు వెతుక్కోసాగారు.

"ఆగండాగండి," అంది మా తోటికోడలు. "మా అక్క కల్పించింది వినేశాం, మాకు కొత్తేం కాదు. అసలేం జరిగిందో మీ దాంట్లో ఉందిగా, చదవండి మాస్టారూ. ఆవిడ గోతిలోనే ఉంది పాపం."

ఆయన విసుక్కుంటూ, ఎక్కాలు అప్పజెప్పే గొంతుతో మొదలుపెట్టారు. ఆవిడ కేక వెయ్యలేదు. కేకకు కావలసిన ఊపిరి కూడా దాచుకుని నేలకు అంటుకుని పడుకుంది. లిఫ్టు దిగి దిగి, ముక్కుకు జానెడు ఎత్తులో ఆగింది. లోపల్నుంచి ఎవరో నేల మీద మూడుసార్లు తట్టారు. ఆ గుర్తు ఆవిడకూ, పని నేర్పిన గురువుకూ తప్ప ఎవరికీ తెలియదు. గురువు పోయి ఏడాదైంది.

చెప్పులు వెతుక్కునేవాళ్లు ఒక కాలికి వేసుకుని ఆగిపోయారు. గడియారం అయిదు కొట్టింది. మాస్టారు వినలేదు. మరో రెండు పేజీలు చదివాక, ఎవరో కుర్చీ జరిపితే ఉలిక్కిపడి ఆపారు.

కాగితం తిరిగింది. నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను. తొమ్మిది. మిగిలినవాళ్లు రాయకుండానే మెట్లు దిగిపోయారు. ల్యాబ్ అమ్మాయి నా దగ్గరికొచ్చి, "నా కథలో అక్కడ తలుపే తెరుచుకోదండీ," అంది మెల్లగా.

"తెలిసొచ్చిందమ్మా. ఇక తెరిచేది లెక్కల క్లాసే."

మాస్టారు పుస్తకం చంకన పెట్టుకుని గుమ్మం వైపు నడుస్తున్నారు.

"మాస్టారూ, పుస్తకం?"

"పేజీలన్నీ ఉన్నాయో లేదో ఇంట్లో సరిచూస్తా."

"తీసుకెళ్లేవాళ్లు పేరు రాయాలి కదండీ."

ఆయన కాగితం చూశారు. తొమ్మిది పేర్లు. నన్ను చూశారు. పుస్తకం మీద బొటనవేలు ఇరవై అయిదో పేజీ దగ్గర ఇరికించి ఉంది. చివరికి నా చేతిలో పెన్ను లాక్కుని, పదో గీత మీద గుండ్రటి అక్షరాలతో పేరు రాశారు.

"సంతోషమేనా?"

"చాలా. అయితే మీ వంతు పదోది మాస్టారూ."

మొదటి పేరు మా తోటికోడలిది. ఆవిడ అప్పటికే చెయ్యి చాపి నిలబడింది.

"ఈ పేజీ అయ్యేదాకా ఆగమ్మా," అన్నారాయన, గుమ్మంలో నిలబడే పుస్తకం తెరుస్తూ.