తడపని ఇటుకలు

ఎండ.

మార్చి నెల ఎండ. ఒంటిపూట బడులు ఇంకా మొదలుకాలేదు గానీ ఎండకు ఆ సంగతి తెలియదు. బడి ఆవరణలో పేర్చిన ఇటుకల మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. దివాకర్ చెయ్యి వెనక్కి తీసుకుని, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు.

ఎవరూ చూడలేదు. పిల్లలంతా తెల్ల కారును చూస్తున్నారు.

హైదరాబాద్ నుంచి ఆర్కిటెక్టులు వచ్చారు. వారమంతా ఆఫీసులో అపార్టుమెంట్లకు డ్రాయింగులు గీస్తారు. శనివారం వస్తే పల్లె బడుల్లో పిల్లల చేత ఏదో ఒకటి కట్టిస్తారు. జీతం లేదు. ఇష్టంతో చేసే పని. పిల్లలు తమ చేతులతో తామే కట్టుకోవాలి — అదీ వాళ్ల మాట. మంచి మాటే. ఆ మాట చెప్పేటప్పుడు దివాకర్ గొంతు కొంచెం పెద్దదయ్యేది.

ఈసారి జాలీ గోడ. నడుమెత్తు గోడ. ఇటుకకూ ఇటుకకూ నడుమ సందు వదిలి కడతారు. సందుల్లోంచి గాలి వస్తుంది... వెలుతురు వస్తుంది... పక్కన కూర్చుని పిల్లలు పుస్తకాలు చదువుకుంటారు. కాగితం మీద చాలా బాగుంది.

పాలమూరు చెలకల మధ్య ఊరు. హరితహారంలో నాటిన మొక్కలు ఇంకా నీడనిచ్చే వయసుకు రాలేదు. సగం ఇళ్లకు తాళాలు. తాళాలు వేసినవాళ్లంతా ఎక్కడెక్కడో గోడలు కడుతున్నారు — పుణెలో, ముంబైలో, బెంగళూరులో. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లూ, బడి పిల్లలూ.

ఆ పిల్లలకు గోడ కట్టడం నేర్పడానికి దివాకర్ వచ్చాడు.

నవ్వొచ్చే సంగతే. ఆ రోజు అతనికి నవ్వు రాలేదు.

ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, ప్రవళిక, ఒక ఇటుక తీసుకుని బకెట్లో ముంచింది. ఇటుక బుసబుసమని బుడగలు వదిలింది. బుడగలు ఆగేదాకా చూసి, తీసి పక్కన పెట్టింది. ఇంకోటి ముంచింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"తడుపుతున్న సార్. ఇటుకకు దూప గాదా? ఎండిన ఇటుక పెడితె సిమెంటు మాల్‌ల నీళ్లన్ని అదే తాగుతది. ఇగ మాల్ ఏం పట్టదు. మా నాయిన గట్లనే అంటడు."

"మీ నాయిన ఏం చేస్తాడు?"

"మేస్త్రి సార్. పుణెల."

దివాకర్‌కు తెలియదా? తెలుసు. తను గీసే ప్రతి డ్రాయింగు కింద, కుడి మూలన, చిన్న అక్షరాల్లో తనే రాస్తాడు — ఇటుకలు నీళ్లలో నానబెట్టి వాడవలెను, గోడకు ఏడు రోజులు నీళ్లు పట్టవలెను. పదేళ్లుగా రాస్తున్నాడు. రాసి కింద సంతకం పెడతాడు. నీళ్లలో వేస్తే ఇటుక బుడగలు వదులుతుందని మాత్రం ఆ రోజే చూశాడు.

అప్పుడే, అతనితో వచ్చిన ఆర్కిటెక్టు సుహాసిని, చేతి గడియారం చూపించింది. "పదకొండైంది దివాకర్. ఇంకా రెండు వరసలే లేచాయి."

నాలుగు వందల ఇటుకలు. ఒక్క బకెట్. బోరింగు ఎక్కడో బడి వెనకాల. సాయంత్రానికి గోడ లేవాలి. ఫోటో తీయాలి. పొద్దుగూకకముందే హైదరాబాద్ రోడ్డెక్కాలి.

"ఇది చిన్న గోడేనమ్మా. ఏం కాదు," అన్నాడు. అందరి ముందూ, నవ్వుతూ అన్నాడు. "మీ నాయిన కట్టేవి పెద్ద బిల్డింగులు. ఇది బొమ్మ గోడ."

పిల్లలు నవ్వారు. ప్రవళిక కూడా నవ్వింది. బకెట్ పక్కకు జరిపింది.

అంతే. అంత చిన్నది.

గోడ లేచింది. చప్పట్లు లేచాయి. పిల్లలు సిమెంటు చేతులు పైకెత్తి ఫోటో దిగారు. ఆ ఫోటో దారిలోనే నాలుగు వందల మందికి నచ్చింది.

బయల్దేరేటప్పుడు ప్రవళిక కారు దాకా పరుగెత్తుకొచ్చింది. "సార్, రేపటి సంది గోడకు నీళ్లెవరు కొడ్తరు?"

"ఆ... నువ్వే చూసుకో తల్లీ," అన్నాడు దివాకర్. అద్దం ఎక్కించాడు. లోపల చల్లగా ఉంది.

తర్వాతి శనివారం, గోడకు రంగులు వేయించడానికి మళ్లీ వచ్చారు.

సగం గోడ ఉంది.

మిగతా సగం నేల మీద ఉంది. బుధవారం మధ్యాహ్నం, అన్నం గంటకు కూలిందట. పిల్లలంతా పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు గనుక సరిపోయింది. ఇంకో పావుగంట ఆగితే గోడ పక్కనే కూర్చుని తినేవాళ్లు.

దివాకర్ వంగి ఒక ఇటుక తీశాడు. శుభ్రంగా చేతికి వచ్చింది. దానికి సిమెంటు రవ్వంత కూడా అంటుకుని లేదు. మాల్‌ను వేలితో రాస్తే పిండిలా రాలింది. గాలి వచ్చి ఆ పొడిని ఎర్రమట్టిలో కలిపేసింది.

ఒక్క చూపుకే తెలిసిపోయింది. ఇటుకలు తాగేశాయి. దూప మీద ఉన్నాయి, తాగేశాయి...

"దొరికింది సార్, కూలగొట్టిన పిల్ల!" అన్నాడు వెనక నుంచి హెడ్మాస్టరు బాలకృష్ణ. "ఆ ఎనిమిదో క్లాసు ప్రవళిక. రోజు బడి ఇడిసినంక బకెట్లకు బకెట్లు తెచ్చి గోడ మీద గుమ్మరించిందట. వాచ్‌మన్ చూసిండు. నానబెట్టి నానబెట్టి కూలగొట్టింది. పిల్లల మీద పడితె నా నౌకరి పోతుండె."

దివాకర్ చేతిలో ఇటుక అలాగే ఉంది.

"పైంగ, సారే నీళ్లు పొయ్యమన్నడు అంటది. గింత అబద్ధం సూడున్రి! టీసీ చేతుల పెట్టి పంపిస్త అన్న. వాళ్లవ్వను తోల్కరమ్మన్న. అగో, వచ్చి కూసున్నరు."

మూడు రోజులు. బోరింగు నుంచి గోడ దాకా, గోడ నుంచి బోరింగు దాకా. పదమూడేళ్ల పిల్ల, రెండు చేతులా బకెట్. ఎవరూ సాయం రాకపోయినా. నిజం చెప్పాలంటే ఆ సగం గోడ నిలిచిందే ఆ నీళ్ల పుణ్యాన. అది ఆ ఆవరణలో ఒక్క దివాకర్‌కే తెలుసు.

కాదు. ఇద్దరికి తెలుసు.

నీళ్లు పోయమన్నది నేనే. ఇటుకలు తడపనివ్వనిదీ నేనే. రెండే రెండు ముక్కలు. నోటి దాకా వచ్చాయి. సుహాసిని చూస్తోంది. టీచర్లు చూస్తున్నారు. పిల్లలు రంగు డబ్బాలు పట్టుకుని, సార్ ఏమంటాడా అని చూస్తున్నారు. ఆ ముక్కలు పళ్ల వెనకే ఆగిపోయాయి.

వరండా మెట్ల మీద నుంచి ఒక ముసలమ్మ లేచి వచ్చింది. ప్రవళిక అవ్వ, సుక్కమ్మ. చెప్పులు మెట్ల దగ్గరే విడిచింది. ఆ ఎండలో, ఆ మట్టిలో ఉత్త కాళ్లతో వచ్చింది.

వచ్చి చేతులు జోడించింది.

"తప్పైంది సారూ. పోరికి తెల్వదు. మా అమ్మ నందికొండ డ్యాంకు రాళ్లు మోసింది. నేను ఊరూరు తిరిగి తట్టలు మోసిన. నా కొడుకు పుణెల కడ్తుండు. గిదొక్కతన్న బడిల కూసోవాలని మా ఆశ. టీసీ ఇయ్యొద్దని జెప్పున్రి సారూ. ఇస్తె వాళ్ల నాయిన పనికాడికే తోల్కపోతడు. ఇది గూడ ఇటుకలు అందియ్యబడ్తది."

కాళ్ల మీదికి వంగబోయింది. దివాకర్ చటుక్కున వెనక్కి జరిగాడు.

ఇప్పుడు. ఇప్పుడు చెప్పాలి.

"పర్వాలేదవ్వా," అన్నాడు దివాకర్. "చిన్నపిల్ల. ఈసారికి క్షమించేద్దాం సార్. టీసీ ఏం వద్దు."

క్షమించేద్దాం.

తన నోట్లోంచే వచ్చింది ఆ మాట. తన గొంతే. కొంచెం పెద్దదైన గొంతు.

"సార్‌ది పెద్ద మనసు," అన్నాడు హెడ్మాస్టరు. టీచర్లు తలలూపారు. సుహాసిని అతని వైపు మెచ్చుకోలుగా చూసింది. సుక్కమ్మ కళ్లు తుడుచుకుంది. "సల్లంగుండు బిడ్డా. నీ పిల్లా జెల్లా సల్లంగుండాలె."

ఆ దీవెన కూడా అందుకున్నాడు. వద్దనలేదు. తల వంచి అందుకున్నాడు. భూమి చీలితే బాగుండుననిపించింది, కానీ భూమి ఎందుకు చీలుతుంది... దానికి వేరే పనులున్నాయి.

"టీసీ లేదు గని," అన్నాడు హెడ్మాస్టరు ప్రవళికతో, "ఇంకోపారి గోడ దిక్కు అచ్చినవంటె సూడు. ఇయ్యాల ఇంటికి పో."

ప్రవళిక తలూపింది. ఏడవలేదు. ఏడిస్తే అతనికి కొంచెం సులువుగా ఉండేది. తిడితే ఇంకా సులువుగా ఉండేది. ఆ పిల్ల కూలిన ఇటుకల వైపు చూసింది, తర్వాత అతని వైపు చూసింది.

"సార్... గీ పారి తడుపుతరా?"

నింద కాదు. ఎత్తిపొడుపు కాదు. గోడ గురించే అడిగింది. దానికి గోడే ముఖ్యం.

"తడుపుతాం," అన్నాడు.

ఆ మాటలో ఏముందో ఎవరికీ అర్థం కాలేదు. హెడ్మాస్టరు ఫోన్ చూసుకుంటున్నాడు. సుహాసిని పిల్లల్ని వరసలో నిలబెడుతోంది. హమ్మయ్య, అనుకున్నాడు దివాకర్. అనుకున్నందుకు మొహం మండింది. జరిగినదానికంటే, తడపనందుకంటే, క్షమించినందుకంటే — ఆ హమ్మయ్యకే అతనికి ఎక్కువ సిగ్గేసింది.

అవ్వా మనవరాలూ గేటు వైపు నడిచారు. అవ్వ ముందు. మనవరాలు వెనక.

పిలవాలి. పిలిచి, అందరి ముందూ నిలబెట్టి, చెప్పాలి. గేటు దాటిందంటే ఆ పిల్ల బడి గోడ కూలగొట్టిన పిల్ల అయిపోతుంది. ఊరు ఆ పేరు మరిచిపోదు. పుణె దాకా పోతుంది ఆ పేరు. మేస్త్రి బిడ్డ గోడ కూలగొట్టిందట, అంటారు. వాళ్ల నాయిన వింటాడు.

ఇరవై అడుగులు. పదిహేను.

"ప్రవళికా —" అన్నాడు.

తనకే వినపడలేదు.

సుక్కమ్మ గేటు గొళ్లెం తీస్తోంది. అది బిగుసుకుపోయింది, రావడం లేదు. ప్రవళిక ముందుకు వంగి తనూ ఒక చెయ్యి వేసింది. ఇంకా దాటలేదు... ఇంకా ఇటువైపే ఉన్నారు...