కారం బిస్కెట్లు

ఆ శుక్రవారం సాయంత్రం ఎర్మెలిందా వదిన బిస్కెట్ల పిండిలో పిడికెడు మిరపపొడి పోసింది. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను.

"ఇదేం పని వదినా?"

"తిన్నవాళ్లు ఊరుకోరుగా. ఎవరు అరుస్తారో చూద్దాం," అంది పిండి మీద కోపం తీర్చుకుంటూ.

వేయించి తిరగలిలో విసిరిన బార్లీ పిండి, ఓట్స్, బెల్లం, వేరుశెనగ పప్పులు, పందికొవ్వు. వీటితో ఆవిడ చేసే బిస్కెట్ల సంగతి రియోబాంబాలో మా వీధంతా ఎరుగును. అరచేయంత ఉంటాయి. సంచిలో పడేసి కొండంతా ఎక్కినా విరగవు. ఒక్కటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలి మాటుండదు. పక్కింట్లో ఉంటాను కాబట్టి మొదటి వాయి రుచి చూసేది నేనే.

వాళ్లాయన ఫౌస్తో అన్నయ్య సిమెంటు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక బాగా నడవమన్నాడు డాక్టరు. శనివారాలు కొండలెక్కే గుంపులో చేరాడు. ఆ గుంపును నడిపేది నార్సిసా. భర్త పోయిన మనిషి, ఎర్ర కోటు వేసుకుని మేకపిల్లలా ఎక్కేస్తుంది. మొదట్లో అన్నయ్య ఒక్క సంచి బిస్కెట్లు పట్టుకెళ్లేవాడు. తర్వాత రెండు. ఇప్పుడు మూడు.

"అందరూ అడుగుతున్నారే," అనేవాడు.

నడి వానాకాలం. కొండదారిలో బురద మోకాళ్ల దాకా ఉంటుంది. ఆయన బూట్లు మాత్రం పెళ్లికొడుకు బూట్లలా తిరిగొచ్చేవి. పైకెళ్లినవాళ్ల బుగ్గలు గాలికి కందిపోతాయి, ఆయన బుగ్గలకు ఏమీ కాదు. పైగా కోటు నిండా పొగ వాసన.

"పొగ ఎక్కడిది?" అనడిగితే, "మంట వేసుకున్నాం," అన్నాడట.

"వానలోనా?" అంటే దగ్గాడట.

మిరపపొడి శనివారం అన్నయ్య చీకటి పడేవేళకి వచ్చాడు. వదిన నన్నూ కూర్చోబెట్టింది.

"ఎలా ఉన్నాయి?"

"అమృతం! నేనే నాలుగు తిన్నాను."

వదిన నా వైపు చూసింది. ముందురోజు వాటిలో ఒకటి కొరికే మేమిద్దరం కూజాడు నీళ్లు తాగాం. ఆయన కూర్చుని తాపీగా చారు తాగుతున్నాడు.

మర్నాడు బజారులో నార్సిసా ఎదురైంది. వదిన నవ్వు పులుముకుని అడిగింది.

"మా బిస్కెట్లు బాగున్నాయా అమ్మా?"

"ఏం బిస్కెట్లు? మీ ఆయన మాతో రెండుసార్లే వచ్చారు. ఆ తర్వాత కనపళ్లేదే."

"చూశావా ఎంత తేలిగ్గా అబద్ధమాడిందో!" అంది వదిన ఆవిడ అటు తిరగగానే.

"నిజమేనేమో వదినా."

"నిజమైతే మరీ ఘోరం. ఇంకెవత్తో ఉందన్నమాట."

తరువాతి శనివారం అన్నయ్య ఎక్కిన బస్సు వెనక బస్సులో మేమిద్దరం బయల్దేరాం. చింబొరాజో కొండ కింద, ఎప్పుడో మూతబడ్డ రైల్వే స్టేషను దగ్గర, అన్నయ్య ఎప్పుడూ దిగేది అక్కడేనని కండక్టరు చెబితే దిగాం. మంచు పట్టి నాలుగడుగుల అవతల ఏమీ కనపడటం లేదు. స్టేషను కప్పు మీది గొట్టంలోంచి పొగ వస్తోంది. తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల్నుంచి ఆడమనిషి నవ్వు వినిపించింది.

వదిన ముఖం పాలిపోయింది. ఒక్క తోపుతో తలుపు తీసింది.

లోపల కుంపటి చుట్టూ నలుగురు పేకాడుతున్నారు. అన్నయ్య, ఇద్దరు ముసలివాళ్లు, ఉన్ని కోసం లామాలు మేపుకునే త్రాన్సితో అనే అవ్వ. ఆవిడకి డెబ్బై పైనే ఉంటాయి. ఒళ్లో బిస్కెట్ల గుట్ట.

"ఈమేనా ఆ కారం బిస్కెట్ల తల్లి?" అంది త్రాన్సితో అవ్వ టోపీ వెనక్కి తోసుకుంటూ. "రా అమ్మా రా! పోయినవారానివి తింటే ఈ చలిలో ప్రాణం లేచొచ్చింది. ఇవేంటి మళ్లీ తియ్యగా చేశావు?"

"నువ్వు తినలేదా?" వదిన మొగుణ్ణి అడిగింది.

"ఎలా తింటాడు? పందెంలో మొత్తం నాకే ఓడిపోయాడుగా!"

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు.

"నా బిస్కెట్లు ఒక్కటైనా కొండెక్కాయా, ఫౌస్తో?"

అన్నయ్య పేక ముక్కలు కింద పెట్టాడు. "రెండో వారమే ఊపిరాడలేదు ఎర్మీ. నా కోసం వాళ్లంతా వానలో ఆగి నిలబడ్డారు. నాకంటే పెద్దవాళ్లు కూడా. సిగ్గేసింది. ఇంటికొచ్చేసరికి నువ్వేమో వచ్చేవారానికి బెల్లం తరుగుతున్నావు. ఏమని చెప్పను?"

"చెయ్యి నొప్పిగా ఉన్నా పిసికాను. నువ్వు పైన చలిలో ఉంటావని."

వదిన త్రాన్సితో అవ్వ ఒళ్లోంచి చేతికొచ్చినన్ని బిస్కెట్లు తీసి శాలువలో మూటకట్టింది. ఆ ముసలమ్మ అడ్డుపడలేదు. వదిన బయటికొచ్చి, బస్సు వైపు కాకుండా కొండదారి పట్టింది. నేనూ వెనకే నడిచాను. కాసేపటికి అన్నయ్య పిలుపు వినిపించింది, ఆపైన ఆయాసం, ఆపైన అదీ లేదు. వదిన వెనక్కి తిరగలేదు. కొండ సగంలో రాతిగోడ పక్కన కూలబడి, ఒక బిస్కెట్టు విరిచి నాకిచ్చింది.

"ఇన్నేళ్లుగా చేస్తున్నాను. ఇక్కడ కూర్చుని తినడం ఇదే మొదలు," అంది. బురదలో చెప్పు జారి మడమ చీరుకుపోయింది, దాన్ని పట్టించుకోలేదు.

ఇప్పుడు శనివారాలు నార్సిసా గుంపుతో వదినే వెళ్తోంది. అన్నయ్య పేకాటకు తన బిస్కెట్లు తనే చేసుకుంటున్నాడు. అవి పందేనికి చెల్లవని త్రాన్సితో అవ్వ తెగేసి చెప్పిందట. మొన్న చీకటి పడ్డా వదిన రాలేదు. అన్నయ్య మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, ఆ గుంపులో మగవాళ్లెంతమందో నీకేమైనా తెలుసా?"