అక్రోటు మరక

"అతిథులొస్తున్నారు, ఆ చేతులు కాస్త దాచుకోవే బురుల్," అంది మా అత్తగారు, పిండి పిసుకుతున్న నా వేళ్ళ వంక చూసి మొహం చిట్లిస్తూ. అక్రోటు పచ్చితొక్క ఒలిస్తే పట్టే నల్లమరక అది, చలికాలం దాకా వదలదు. కాయలు రాలే కాలమంతా ఊరు ఊరే అడవిలో గుడారాలేసుకుంటుంది. ఒలిచేది ఆడవాళ్ళే కాబట్టి ఆవిడ కొడుకు, అంటే మా ఆయన మెలిస్ చేతులు పెళ్ళికొడుకు చేతుల్లా మెరుస్తుంటాయి.

సర్కారు అడవిలో మా కౌలు ముక్క అతని పేరు మీదుంది, చాకిరీ నా పేరు మీదుంది. అక్కడన్నీ ముసలి చెట్లే. మొలిచిన మొక్కను ఆవులు మేసేవి, మిగిలితే గడ్డికోతలో పోయేది. పుచ్చుకొమ్మలు కోసింది నేను. ఎండ నేలకు దిగేలా పొదలు పలచన చేసి, ఆ ముళ్ళతోనే కంచె కట్టి, లోపల విత్తులు నాటింది నేను. "మా ఆవిడ పనిలేక అడవికి జడలేస్తోందిరా," అని అతను టీకొట్టు దగ్గర నవ్వించేవాడు.

రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన అటవీ అధికారి మోకాలెత్తు మొక్కల్ని చూసి మురిసిపోయాడు. "శభాష్ మెలిస్! ఇదంతా నువ్వేనా?"

"ఏదో సార్, కన్నబిడ్డలా చూసుకుంటున్నా."

కన్నబిడ్డట! మా అమ్మాయికి జ్వరమొస్తే అటు తిరిగి పడుకున్న మనిషి. వేళ్ళు చొక్కా చేతుల్లోకి లాక్కుని టీ పోశాను.

అధికారి జీపు వెళ్ళగానే మెలిస్ మీసానికంటిన కొవ్వు తుడుచుకుంటూ అన్నాడు: "రేపు కంచె పీకేద్దాం. తమ్ముడి ఆవులు మేస్తాయి, గడ్డి బాగుంది."

"మరి మొక్కలు?"

"మొక్కలదేముందే? ఆయన చూసిపోయాడుగా."

కోపమైతే చల్లారేది. అసహ్యం వేసింది. అతను కొరికి వదిలేసిన రొట్టెముక్కను తీయడానిక్కూడా చెయ్యి రాలేదు.

కాయల కాలం అయిపోయింది, పొద్దున్నే అందరూ గుడారాలు విప్పి ఊరికి దిగుతున్నారు. నేను మా గుడారాన్ని కంచె లోపలికి మార్చి, దారికడ్డంగా ముళ్ళకొమ్మ లాగి, గొడ్డలి పట్టుకుని కూర్చున్నాను. మెలిస్ అటు నిలబడి అరిచాడు, బెదిరించాడు, చివరికి నలుగురూ చూస్తున్నారని గొంతు తగ్గించాడు.

"ఇంటి దగ్గర ఆవుల పాలెవరు పితుకుతారే?" అంది అత్తగారు.

"మీ అబ్బాయి చేతులు శుభ్రంగానే ఉన్నాయిగా అత్తయ్యా."