రెండు తాళ్ళ వల

కత్తి పదునుదైతే తాడు చప్పుడు లేకుండా తెగుతుంది. కంట్రాక్టరు మనుషులు తెచ్చిన కత్తి మొద్దుది. అందుకే మా పెద్దమ్మ తాడు కుయ్యిమంటూ, ఏడుస్తూ తెగింది. నేను కళ్ళారా చూశాను. నన్ను కోతలరాయుడంటారు మా వాళ్ళు. ఈ కోత మాత్రం నాది కాదు, కంట్రాక్టరుది.

కార్ఖానా అన్నలూ, కాలేజీ తమ్ముళ్ళూ, ముందు మా వల సంగతి వినండి. మా జాలరి వాడంతటికీ ఒకటే వల. అదెంత పెద్దదంటే, ఓసారి తెల్లవారుజామున లాగితే అందులో చందమామ పడ్డాడు. పెద్దమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "చూట్టానికి తెల్లగా ఉన్నాడు గానీ కండ లేదు, వదిలెయ్యండి" అంది. పాపం, అప్పట్నుంచీ ఆయన కాస్త సొట్టగానే ఉన్నాడు.

ఆ వలని పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో విల్లులా దింపుతాం. రెండు కొసల తాళ్ళనీ ఒడ్డుకి తెస్తాం. ఎడమ తాడుకి ఒక జట్టు, కుడి తాడుకి ఒక జట్టు. రెండు జట్లూ సమంగా లాగాలి. ఒకరు జోరు చేసి ఇంకొకరు వెనకబడ్డారా, వల మూతి వంకరపోతుంది, చేప నవ్వుకుంటూ వెళ్ళిపోతుంది. ఎడమ తాడుకి ముందు నిలబడేది పెద్దమ్మ. కుడి తాడుకి ముందు ఆవిడ మరిది, మా బాబాయి. వాళ్ళిద్దరూ తిట్టుకోకుండా మా వల ఏనాడూ ఒడ్డుకి రాలేదు.

అలాంటి వలకి పొడుగాటి ఇసక కావాలి. మా తాతల కాలంలో ఆ ఇసక మాదే. "యుద్ధం వచ్చింది, కాస్త పక్కకి జరగండి, అయిపోగానే మళ్ళీ మీకే" అని మిలిటరీ వాళ్ళు తీసుకున్నారు. యుద్ధం అయిపోయింది. మా తాతలూ అయిపోయారు. ఇసక మాత్రం తిరిగి రాలేదు. మాకు మిగిలిన జానెడు ఒడ్డు మీద ఎడమ జట్టువాడు తుమ్మితే కుడి జట్టువాడు ముక్కు తుడుచుకోవాలి.

కంచె లోపల ఫిరంగులు పేల్చడం నేర్చుకునేవాళ్ళు. అక్కడో పొడుగాటి కొయ్య, దానికో ఎర్ర జెండా. జెండా లేస్తే అటు చీమ కూడా పోకూడదు. జెండా దిగితే మాత్రం బడి వదిలిన పిల్లల్లా కంచె సందులోంచి దూరి పరిగెత్తేవాళ్ళం. ఎన్ని ఘడియలు దొరికితే అంత వేట. కాపలా సిపాయిలు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు. మా వాడలో పిల్లలు 'అమ్మ' అనే ముందు 'జెండా' అనేవాళ్ళు. మా కోళ్ళు కూడా జెండా చూసే కూసేవి.

పెద్దనాన్న ఒక్కసారి మాత్రం జెండా లేచాక కూడా ఆగలేదు. వల సగం నీళ్ళలో ఉంది, వదిలి రాలేకపోయాడు. ఆయన నడుముకి కట్టుకున్న లాగుడు పట్టీ ఒక్కటే దొరికింది మాకు. ఈ మాటని ఎలా పెంచి చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అలాంటిది, ఒకరోజు మిలిటరీ వాళ్ళు లారీలెక్కి వెళ్ళిపోయారు. జెండా దింపేసి కొయ్య మొదట్లో పడేశారు. జెండా దిగిందంటే ఇసక మాది. ఇదీ మా లెక్క. పొరపాటు అక్కడే జరిగింది. ఆ చట్టం మాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

వాడంతా కదిలి వల వేశాం. రెండు తాళ్ళూ బిగిశాయి. వల ఎంత బరువుగా వస్తోందంటే, మేం సముద్రాన్ని లాగుతున్నామో, సముద్రం మమ్మల్ని లాగుతోందో తెలియలేదు. అప్పుడొచ్చింది జీపు. ఆ స్థలంలో కట్టుబడి పని పట్టిన కంట్రాక్టరు దిగాడు, వాడి ఇనప టోపీల వాళ్ళు దిగారు. అడగలేదు, చెప్పలేదు. ఎడమ తాడు మీద కత్తి వేశారు. పెద్దమ్మ వదల్లేదు. తెగిన తాడు ఆవిడ అరచేతిని చీల్చుకుంటూ నీళ్ళలోకి పోయింది. మా జట్టంతా వెల్లకిలా పడ్డాం. వల మూతి తిరగబడి, పడిన చేపంతా మా కళ్ళ ముందే వెళ్ళిపోయింది. ఖాళీ వలని కుడి తాడుతోనే ఒడ్డుకి ఈడ్చుకున్నాం.

"ఎవరి స్థలమనుకుని దిగార్రా?" అన్నాడు కంట్రాక్టరు.

"జెండా దిగింది గదయ్యా!" అంది పెద్దమ్మ, చేతికి కొంగు చుట్టుకుంటూ.

"ఏం జెండా?" అన్నాడు వాడు. వాడు వెటకారానికి అనలేదు. నిజంగానే తెలీదు.

తర్వాత మీటింగు పెట్టారు. పందిరి, కుర్చీలు, మైకు. పట్నం నుంచి ఒక మేడం వచ్చింది. మిలిటరీ స్థలాన్ని ముందు ముందు దేనికి వాడాలో ప్లాను గీసేది ఆవిడే. మంచి మనిషే, గట్టిగా మాట్లాడను కూడా మాట్లాడదు. బల్ల మీద మా ఒడ్డంతా అట్టతో చేసి పెట్టారు. అద్దం సముద్రం, స్పాంజి చెట్లు, గొడుగుల కింద పడుకున్న అగ్గిపుల్లంత మనుషులు.

"ఇది మీ అందరి భవిష్యత్తు. మీ అభిప్రాయం చెప్పండి" అంది మేడం.

బాబాయి ఆ అట్ట మీదికి వంగి చూశాడు. "వీళ్ళంతా పడుకునే ఉన్నారేంటమ్మా? జ్వరాలా?"

జనం గొల్లుమన్నారు. మేడం కూడా నవ్వింది. "వాళ్ళు విశ్రాంతి తీసుకుంటున్నారండీ. ఇక్కడ హోటళ్ళొస్తాయి."

"మా వలేదమ్మా ఇందులో?" అంది పెద్దమ్మ.

"ఉందమ్మా, ఉంది! ఇదిగో, ఈ బిల్డింగులో. గోడకి వల వేలాడదీస్తాం. వచ్చినవాళ్ళకి ఎలా లాగేవాళ్ళో మీలో ఒకరు కూర్చుని చెబుతారు."

"లాగేవాళ్ళా? మేం బతికే ఉన్నాం గదమ్మా."

కంట్రాక్టరు లేచాడు. "స్థలం చుట్టూ కట్టే గోడకి ఏ రంగు వెయ్యాలో అది అడుగుదాం మేడం. నీలమా, ఆకుపచ్చా?" మాకు చీటీలు పంచారు. మా ఇసకకి మాకూ మధ్య లేవబోయే గోడకి రంగు ఎంచుకోవడం, అదీ మా భవిష్యత్తు.

మీటింగయ్యాక కంట్రాక్టరు కుడి జట్టు వాళ్ళని మాత్రం పక్కకి పిలిచాడు. ఖాకీ చొక్కా, టోపీ, ఈల. కాపలా పని. రెండు తాళ్ళ వలని మొద్దు కత్తితో కోశాడు గానీ, రెండు జట్ల వాడని కొయ్యడానికి వాడికి కత్తే అక్కర్లేకపోయింది.

"తప్పేంటి వదినా?" అన్నాడు బాబాయి టోపీ సర్దుకుంటూ. "వల ఆగిపోయింది. పొయ్యిలో ఏం పెట్టమంటావు, నీ తిట్లా?"

"పెట్టుకో. నీ పెళ్ళాం వంట కన్నా అవే రుచి" అంది పెద్దమ్మ. అంది గానీ, ఆ రోజు ఆవిడ మొహంలో నవ్వు లేదు.

బాబాయికి నోరు ఆగదు. మా వాళ్ళు జెండాకి ఎలా భయపడతారో కంట్రాక్టరు ముందు వేళాకోళంగా చెప్పాడట. వాడు, "అలాగా!" అన్నాడట. మర్నాడు లేచి చూద్దుం గదా, కొయ్య మీద ఎర్ర జెండా.

ఫిరంగి లేదు. మిలిటరీ లేదు. పేలేది ఏదీ లేదు. ఉన్నదల్లా బట్ట. కోపంగా బయల్దేరినవాళ్ళం కంచె దగ్గరకెళ్ళి, ఎవరో తాడేసి వెనక్కి లాగినట్టు ఆగిపోయాం. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మా బావ, "బట్టముక్కకి భయమేంటర్రా, నే పోతా చూడండి" అని రొమ్ము విరుచుకుని వెళ్ళాడు. సందు దాకా వెళ్ళి తిరిగొచ్చి, "కడుపులో నొప్పిగా ఉంది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అందరి కడుపులోనూ అదే నొప్పి.

రోజూ పొద్దున్నే జెండా లేచేది. లేపేది మా బాబాయే. పొయ్యిలు ఆరిపోయాయి. వల పాకలో కూర్చుని మాలో మేమే కొట్టుకున్నాం.

"అర్జీ పెడదాం."

"ఎవడికి? అట్టముక్క మీద మనకి చోటే పెట్టనోడికా?"

"కుడి జట్టోళ్ళ ఇళ్ళ మీద పడదాం!"

"పడి? వాళ్ళ పొయ్యిలో మాత్రం ఏముంది, బూడిద!"

పెద్దమ్మ మూలన కూర్చుని, తెగిన తాడుని ముడేస్తోంది. చెయ్యి వాచిపోయి ఉంది. ఒంటి చేత్తో, పళ్ళతో బిగిస్తోంది. ముడి పూర్తయ్యాక లేచింది.

"ఇన్నాళ్ళూ మనల్ని ఆపింది ఆ బట్టా?" అంది. "దాని కింద ఫిరంగి ఉండేదిరా. ఇప్పుడేముందో చూసొస్తా."

"పెద్దమ్మా, వద్దు" అన్నాన్నేను.

"మా ఆయన అక్కడే ఉన్నాడు. నేను పోతే తప్పేంటి?"

నడిచింది. కంచె సందులోంచి దూరి, జెండా ఎగురుతుండగా ఇసక మీద నడిచింది. మేం చెవులు మూసుకున్నాం. పేలుడుకి చెవులు మూసుకునే అలవాటు మాది. కొయ్య దగ్గర బాబాయి ఈల పట్టుకుని నిలబడ్డాడు. ఊదలేదు.

"వదినా, జెండా ఉంది. రావొద్దు."

"వస్తే నువ్వు పేలతావేంట్రా?"

ఆవిడ కొయ్యని చుట్టి వచ్చి, మా కేసి తిరిగి చెయ్యి ఊపింది. ఆ చెయ్యి మా కళ్ళకి కొయ్యంత ఎత్తు కనిపించింది. ఇది కోత కాదు, వాడలో ఎవరినైనా అడగండి.

వరదలా పోయాం. పెద్దమ్మ పని పురమాయించింది. కంచె పెద్ద గేటుకి ఈ కొసన ఎడమ తాడు, ఆ కొసన కుడి తాడు కట్టించింది. "లాగండి!" హైలేసా అన్నాం. మా వైపు కంచె మూలిగింది. ఆ వైపు కదల్లేదు. కుడి తాడు లాగేవాళ్ళంతా ఖాకీ చొక్కాల్లో ఉన్నారు మరి. వాళ్ళ బదులు తాడు పట్టుకున్నవాళ్ళు ముసలాళ్ళు, ఐసు ఫ్యాక్టరీ బావ. గేటు ఒక పక్కకి ఒరిగి అక్కడే ఇరుక్కుంది. ఇనప టోపీల వాళ్ళు నవ్వారు.

బాబాయి చూస్తున్నాడు. కంచె కూలుతోందని కాదు ఆయన బాధ. లాగుడు చెడుతోందని.

"ఎవడ్రా కుడి తాడు ముందున్నది?" అని అరిచాడు. "పిల్లి తోక పట్టుకున్నట్టు పట్టుకున్నావేంట్రా! మడమ తన్నిపెట్టు! మడమ! ఛీ, పక్కకి తప్పుకో!"

టోపీ ఒక పక్క, ఈల ఒక పక్క పడ్డాయి. తాడు నడుముకి చుట్టుకున్నాక గానీ తానేం చేశాడో ఆయనకే తెలియలేదు. తెలిశాక వదల్లేదు. ఆయన వెనక ఒక్కొక్క ఖాకీ చొక్కా వచ్చి తాడు పట్టింది.

"ఇప్పుడు తెల్లారిందా మరిదీ?" అని అరిచింది పెద్దమ్మ ఈ కొస నుంచి.

"నోరు మూసి లాగు వదినా, నీ వైపు వదులుగా ఉంది!"

కంచె వలలా వచ్చింది. స్తంభం వెనక స్తంభం, చేపల వెనక చేపల్లా.

పోలీసులు వచ్చారు. లాఠీలు లేచాయి. పెద్దమ్మనీ బాబాయినీ వ్యానులోకి తోశారు. స్టేషన్లో ఆవిడ చెయ్యి మోచేతి దాకా నల్లబడింది. బాబాయి ఊచలు పట్టుకుని, "డాక్టరుని పిలవండయ్యా" అని అరిచాడు. "ముందు కేసు, తర్వాత కట్టు" అన్నాడు ఎస్సై. కేసు రాయడం అయ్యేసరికి కట్టు కట్టించుకోవడానికి ఆ మనిషి లేదు.

ఆవిడని రెండు జట్లూ కలిసి మోశాం. ఎవరూ జోరు చెయ్యలేదు, ఎవరూ వెనకబడలేదు.

కొన్నాళ్ళకి బాబాయిని వదిలారు. ఆ తర్వాత మేడం కబురు పంపింది. ప్లాను మార్చిందట. పెద్దమ్మ పేరు మీద ఒక పార్కు పెట్టిందట. అట్ట మీద తాడు పట్టుకున్న ముసలమ్మ బొమ్మ కూడా ఉందట, అగ్గిపుల్లంత. అది చూపించడానికి వస్తోందట, కొత్త కంచె సామానుతో కంట్రాక్టరు కూడా వస్తున్నాడట.

ఆ కొయ్యని మేం ఇసకలోంచి పీకాం. తీసుకొచ్చి రోడ్డు మొదట్లో పాతాం. జెండా ఎగరేశాం. ఎగరేసింది బాబాయే. ఆయనకి ఆ పని బాగా అలవాటు గదా.

జీపు వచ్చి ఆగింది. వెనక సామాను లారీలు ఆగాయి. మేడం ఒళ్ళో అట్ట ఉంది. కంట్రాక్టరు దిగి నవ్వాడు.

"బట్టముక్క చూపించి ఆపుతార్రా?"

"బట్టముక్కే బాబూ" అన్నాడు బాబాయి. "నువ్వు ఎగరేయించినప్పుడు దాని కింద ఏమీ లేదు. ఇప్పుడుందో లేదో, వచ్చి చూసుకో."

జెండా కింద రోడ్డుకి అడ్డంగా రెండు తాళ్ళు. ఎడమ తాడు ముందు చోటు ఖాళీ. దాని వెనక వాడంతా నిలబడి ఉంది. ఎవరూ అరవలేదు. తాళ్ళు మాత్రం బిగిశాయి. లారీ డ్రైవరు కంట్రాక్టరు మొహం చూడలేదు. మా చేతులు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, బండి వెనక్కి తిప్పాడు. జీపు ఒంటరిగా కాసేపు నిలబడి అదీ తిరిగింది.

మళ్ళీ వస్తారు. పోలీసుల్ని తెస్తారు. మాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం వల వేశాం. ఎంత పడిందంటే... వద్దులెండి, ఇది పెంచి చెప్పను. కొంచెమే పడింది. వల మూతి మాత్రం వంకరపోలేదు.