చెప్పందే తెలియదు

"మా ఆవిడకి నేను నోరు విప్పి చెప్పక్కర్లేదురా. నా మనసులో ఏముందో ఇట్టే కనిపెట్టేస్తుంది," అని ఫోనులో స్నేహితుడికి గొప్పలు చెప్పుకుంటూనే ఆయన ఖాళీ కప్పు ఇటు చాచాడు. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చి అందుకుంది. కనిపెట్టక ఛస్తుందా! కనిపెట్టని రోజున ఆ ముఖం ఎలా మాడుతుందో ఆమెకి కంఠతా వచ్చు. ఆమె మనసులో ఏముందో మాత్రం పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకి అంతు చిక్కలేదు. చూస్తే కదా.

వేరే ఊళ్ళో పరిశోధన చేసే అవకాశం ఆమెకి వచ్చింది, రెండేళ్ళు. ఇవాళ సాయంత్రంలోగా జవాబు రాయాలి. మొన్న భోజనాల దగ్గర ఆ మాటెత్తితే, "చదువుకోమ్మా, ఎవరొద్దన్నారు? ఇల్లు మాత్రం ఎప్పట్లాగే చూసుకో," అంది అత్తగారు. ఆయన పళ్ళెంలోంచి తలెత్తలేదు. ఆయనకే అర్థమవుతుందిలే అని ఆమె మళ్ళీ కదపలేదు.

కాలేజీలో ఆ పూట ఆమె చెప్పాల్సిన పాఠం క్వాంటం టెలిపోర్టేషన్.

"వస్తువేదీ గాల్లో ఎగిరి వెళ్ళదు. ముడిపడిన రెండు కణాలున్నాయి. ఎంత దూరాన ఉన్నా, వాటిని కొలిస్తే వచ్చే ఫలితాలకి విడదీయలేని సంబంధం ఉంటుంది. ఒకటి మన దగ్గర, రెండోది దూరాన. మనం పంపాల్సింది మూడో కణం స్థితిని. దాన్ని మన దగ్గరున్నదానితో కలిపి కొలుస్తాం. ఆ కొలతతో దాని స్థితి ఇక్కడ చెరిగిపోతుంది, పాత ముడీ తెగిపోతుంది. వచ్చిన ఫలితం ఫోను చేసి చెబితే, అవతలివాళ్ళు తమ కణాన్ని సరిచేసుకుంటారు. ఆ స్థితి అక్కడ తేలుతుంది. నకలు తీయడం కుదరదు. అక్కడ ఉందంటే ఇక్కడ లేనట్టే."

ముందు బెంచీ అమ్మాయి ఊరుకోలేదు. "అంతలా ముడిపడ్డాయి కదా మేడం, మళ్ళీ ఫోనెందుకు? దానంతటదే తెలిసిపోదా?"

"తెలియదమ్మా. ఎంత ముడిపడినా కబురు దానంతటది వెళ్ళదు. చెప్పందే తెలియదు."

అనేసరికి ఆ మాట తనకే తగిలింది. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెబుతూ, ఇంట్లో మాత్రం నోరు కుట్టుకుని కూర్చుంది. కోపమొచ్చింది, సగం ఆయన మీద, సగం తన మీద. చెబితే ముడి తెగుతుందేమోనని భయమూ వేసింది. అయినా క్లాసు అవగానే స్టాఫ్ రూములో కూర్చుని జవాబు రాసి పంపేసింది.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన టీ తాగేసి, కప్పు చాచాడు. ఆమె అందుకోలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీకో మాట చెప్పాలి."

"చెప్పక్కర్లేదు. రానని రాసేశావుగా? నీ సంగతి నాకు తెలీదా!"

"వస్తానని రాశాను. వచ్చే నెలే ప్రయాణం."

ఆయన చాచిన కప్పు తనే బల్ల మీద పెట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు అంది, "సరే, వెళ్ళు. మరి ఇక్కడ ఇల్లో?"

"అక్కడుంటే ఇక్కడుండను అత్తయ్యా. నాకు నకలు లేదు."