ఎదురువాలు కుట్లు

ప్యాంటు వచ్చింది నడుము వదులు చెయ్యడానికి. కాళ్ళ అంచుల జోలికి పోవలసిన పనే లేదు. అయినా దర్జీ అలవాటుకొద్దీ ఒక అంచు తిరగేసి చూసింది. చూసి, కత్తెర బల్ల మీద పెట్టేసింది.

మడత చేత్తో కుట్టి ఉంది. కుట్లన్నీ ఎదురు వాలుగా ఉన్నాయి. కుడిచేతివాళ్ళు కుడి నుంచి ఎడమకు కుట్టుకుంటూ పోతారు. ఎడమచేతివాళ్ళు అటు నుంచి ఇటు వస్తారు. అద్దంలో చూసినట్టు కుట్టు వాలు తిరగబడుతుంది. ఆమె ఎరిగిన ఎడమచేతి కుట్టు ఒక్కటే. చెల్లెలిది.

ఒకే బల్లకు చెరో చివరా కూర్చుని ఇద్దరూ కుట్టేవారు. ఒకరోజు మాటా మాటా పెరిగింది. చెల్లెలు సూదుల డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఏళ్ళు గడిచినా కబురు లేదు. బల్ల రెండో చివర ఇంకా ఖాళీయే. అక్కడ ఎవరైనా సంచి పెడితే దర్జీకి ఒళ్ళు మండుతుంది.

"దొరికిందండీ," అంది డ్యూటీ దిగి వచ్చిన భర్తతో.

ఆయన బస్సు కండక్టరు. అంచు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రోజంతా జనం చేతులు చూడ్డమే కదా నా పని. పదిమందిలో ఒకడు ఎడమచేత్తోనే డబ్బులిస్తాడు."

"కుడిచేత్తో కడ్డీ పట్టుకునుంటాడు."

"సరే, బస్సు మాట వదిలెయ్. ఎక్కడైనా పదిమందిలో ఒకరిది ఎడమచేతివాటమే. ఊళ్ళో నలభై లక్షల జనం. ఎటు చూసినా నీకు నాలుగు లక్షల మంది చెల్లెళ్ళు తేలతారు. అందులోనూ ఆడవాళ్ళకన్నా మగవాళ్ళే కాస్త ఎక్కువట. మీసాల చెల్లెలు దొరుకుతుందేమో చూసుకో."

"మీ నోట మంచిమాట రాదు కదా."

"ఆశపడి వెళ్ళి, ఏడుస్తూ వస్తావేమోనే," అన్నాడు గొంతు తగ్గించి.

అంచులు ఎక్కడ కుట్టించావని ప్యాంటు తెచ్చిన మనిషిని అడిగితే ఆచూకీ చెప్పాడు. స్టేషను వెనక, మెట్ల కింద కొట్టు. పొద్దున్నే ప్యాంటు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. దారంతా ఏమని పలకరించాలా అని ఒకటే గుబులు.

కొట్లో కూర్చున్నవాడికి నిజంగానే మీసాలున్నాయి. బట్టతల కూడా. ఎడమచేత్తో సూది లాగుతున్నాడు.

దర్జీ వెనక్కి తిరగబోతుండగా టీ వచ్చింది. అతను సూది గుచ్చి వదిలి, కుడిచేత్తో గ్లాసు అందుకున్నాడు. కుడిచేత్తోనే కత్తెర తీసి దారం తెంపాడు.

ఆమె ఆగిపోయింది. "నీది ఎడమచేతివాటం కాదా?"

"కాదమ్మా. తిండి, రాత, కత్తెర అన్నీ కుడే. సూది ఒక్కటే ఎడమ."

"అదేం చోద్యం?"

"నేర్పిన పిన్నిగారిది ఎడమచెయ్యి. ఎదురుగా కూర్చుని చూసుంటే నాకు కుడిచేతికే వచ్చేది. ఈ అగ్గిపెట్టెలో ఎదురుగా కూర్చునే చోటేదీ? పక్కన కూర్చున్నా. ఆవిడ సూది ఎలా పట్టుకుంటే అలాగే పట్టుకున్నా. ఇప్పుడు మార్చుకుందామన్నా చెయ్యి మాట వినదు. మోచెయ్యి తగిలితే చాలు, 'నీకన్నా మా అక్కే నయం, దూరంగా కూర్చునేది' అని దెప్పేది."

దర్జీ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇప్పుడెక్కడుంది?"

"పోయిన చలికాలం కొట్టు నాకప్పగించి వెళ్ళిపోయింది. ఏ ఊరంటే చెప్పలేదు. ఆవిడ ఫోను పలకట్లేదు. మీకు కావలసినవాళ్ళా?"

ఆమె సంచిలోంచి ప్యాంటు తీసి, ఒక కాలి అంచు కుట్లు పుటుక్కున తెంపింది.

"ఇది మళ్ళీ కుట్టు నాయనా."

"బాగానే ఉంది కదమ్మా, ఎందుకు పాడుచేశారు?"

"నిదానంగా కుట్టు."

అతను వింతగా చూసి సూదిలో దారం ఎక్కించాడు. ఆమె స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది. దారం లాగినప్పుడల్లా అతని ఎడమ చిటికెనవేలు కాస్త పైకి లేస్తోంది. చెల్లెలికీ అంతే, వద్దన్నా లేచేది. సూది పట్టడంతోపాటు అదీ నేర్చుకున్నట్టున్నాడు.

అంచు పూర్తయింది. అతను దారం ముడివేసి తలెత్తాడు.

"రెండో కాలు కూడానా అమ్మా?"

ఆమె అప్పటికే దాని కుట్లు విప్పుతోంది.